మెట్ల కింద మందుల షాపు

వదిన మాత్రలు మానేసిందని నాకు తెలిసింది ఆమె చేతులు చూసి. జాకెట్టుకు హుక్కులు కుట్టడానికి కూర్చుని సూదిలోకి దారం ఎక్కించలేకపోతోంది. నేను తీసుకుని ఎక్కించి ఇచ్చాను. ఆమె ఆ సూది పట్టుకుని అలాగే గోడవైపు చూస్తూ ఉండిపోయింది.

"మాత్రలు ఏసుకుంతన్నావా వదినా?"

"అయిపోయినాయి. మల్లీ తెచ్చుకోలేదు."

"అన్నయ్యకి సెప్పినావా?"

"సెప్తే ఆ షాపుకే ఎల్లి తెస్తాడు. ఒద్దు అమ్మీ. ఒగ్గీసినాను."

ఈ బెంగాలీ ఊళ్ళో అన్నయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా తాత కాలం నుంచీ మా ఇంట్లో అదే పని. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో క్వార్టరు. నేను ఊరి పక్క హిజ్లీలో ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తూ అమ్మతో, వాళ్ళతో కలిసే ఉండేదాన్ని. వదిన పలాస దగ్గరి నుంచి పెళ్ళయి వచ్చింది. పాప పుట్టాక ఆమెకు నిద్ర కరువైంది. పాపకు ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చునేది. పాప నడక నేర్చినా ఆ భయం తగ్గలేదు. రైల్వే ఆసుపత్రికి వెళ్తే మందులు ఊరికే ఇస్తారు. కానీ అక్కడ వరుసలో నిలబడేవాళ్ళందరూ మాకు తెలిసినవాళ్ళే. అందుకని బజారులో ప్రైవేటుగా చూసే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాం.

మా ఊళ్ళో చాలామంది డాక్టర్లకు సొంత ఆసుపత్రి ఉండదు. ఏదో ఒక మందుల షాపువాళ్ళు ఇచ్చిన గదిలో కూర్చుంటారు. దాన్నే చాంబర్ అంటారు. ఈయన చాంబర్ మేడ మీద, మందుల షాపు మెట్ల కింద. డాక్టర్ని చూడాలంటే షాపులోనే పేరు రాయించుకోవాలి. షాపాయన తెలుగాయన, మా కాలనీని ఆనుకునే ఇల్లు. మనవాడే కదా అని మొదట సంతోషించాం. డాక్టరు రాసే మాత్ర ఆ షాపులో తప్ప ఎక్కడా దొరకదని తర్వాత తెలిసింది. అప్పుడు అది పెద్ద ఇబ్బందిగా అనిపించలేదు. మాత్రలు పనిచేశాయి. వదిన మళ్ళీ కుట్టుమిషను ముందు కూర్చుంది.

ఒకరోజు కూరగాయల దగ్గర షాపాయన మా అమ్మను పలకరించాడు.

"కోడలికి నిద్ర పడతందా అమ్మా? ఆ మాత్ర మానొద్దని సెప్పు. మానితే మనసు మల్లీ పాడైపోద్ది."

ఆయన మంచికే అన్నాడు. పక్కన మా క్వార్టర్ల లైన్లోని ఆడవాళ్ళు వంకాయలు ఏరుకుంటున్నారు. ఆ తర్వాత ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. బజారుకు వెళ్తూ పిల్లల్ని వదిన దగ్గర వదిలేవాళ్ళు వదలడం మానేశారు, అంతే. ఒకావిడ వచ్చి, కుట్టడానికి ఇచ్చిన గుడ్డ వెనక్కి అడిగి తీసుకెళ్ళింది. "ఇప్పుడే తొందర లేదులే" అంది, వదిన ముఖం చూడకుండా. వదిన గుడ్డ మడతపెట్టి ఇచ్చింది. ఆ రోజు నుంచి ఆ షాపుకు వెళ్ళడం మానేసింది.

మాత్రలు ఉన్నట్టుండి ఆపకూడదని నాకు తెలుసు. సూదిలో దారం ఎక్కించి ఇచ్చిన మర్నాడు సెలవు పెట్టి, పాత చీటీ పట్టుకుని బజారంతా తిరిగాను. ఎక్కడ అడిగినా ఆ కంపెనీది మా దగ్గర లేదన్నారు. చివరికి ఖరిదా అనే పేటలో ఒక చిన్న షాపులో బెంగాలీ దీదీ చీటీని వెలుతురులో పెట్టి చూసింది. ఇదే మందు వేరే కంపెనీది ఉందనీ, కానీ ఇలాంటి మందు డాక్టరుగారు రాయకుండా మార్చి ఇవ్వలేననీ చెప్పింది. కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకుని రమ్మంది.

ఇంటికొచ్చేసరికి వదిన పాపను ఒళ్ళో గట్టిగా అదుముకుని కూర్చుని ఉంది. పాప ఏడుస్తోంది. అమ్మ పాపను తీసుకోబోతే వదిన ఇవ్వడం లేదు.

"డాక్టర్ దగ్గరికి ఎల్దుం రా," అన్నాను. "ఈ సాయంత్రమే."

"కింద ఆయనుంతాడు."

"నానుంతాను గదా నీతోటి."

షాపు ముందు బల్ల నిండా రోగులు. షాపాయన మమ్మల్ని చూడగానే అల్మరా తలుపు తీశాడు.

"మాత్రలకేనా అమ్మా? పైకెందుకు, నానే ఇచ్చీస్తాను."

వదిన నా మోచెయ్యి పట్టుకుంది.

"డాక్టర్‌తో మాటాడాలి," అంది.

"ఏటైంది? నాతో సెప్పు, నాను సెప్తాను ఆయనకి."

"పేరు రాయండన్నా."

ఆయన రాశాడు. మా వంతు వచ్చేదాకా బల్లమీద కూర్చున్నాం. ఆయన మాటిమాటికీ మా వైపు చూస్తున్నాడు. వదిన నేలచూపులు చూస్తూ పమిట కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. లేచి వెళ్ళిపోతుందేమోనని నాకు భయం.

పైన డాక్టరుతో హిందీలో నేనే మొదలుపెట్టాను, మందు అసలు పేరు రాయమని. ఆయన తలెత్తకుండా రాసుకుంటూనే ఉన్నాడు.

"కింద మంచి మందే ఇస్తున్నారు కదా. బయట ఏదిస్తారో నాకేం తెలుసు?"

"బయట ఇదే మందు ఉందంటున్నారండీ."

"మీరు చదువుకున్నవాళ్ళు, అన్నీ తెలుసు. నా దగ్గరికెందుకు వచ్చారు మరి?"

అప్పుడు వదిన మాట్లాడింది. ఆమెకు వచ్చిన హిందీ కొంచెమే.

"మాత్రలు తినడం ఆపేశానండీ. జబ్బు తగ్గి కాదు. ఆ షాపులో కొంటే అందరికీ తెలుస్తోంది. ఇంక అక్కడ కొనను. మీరు రాయకపోతే మందు లేకుండానే ఉంటాను. ఉండలేకపోతున్నాను."

డాక్టరు తలెత్తి ఆమెను చూశాడు, బహుశా ఆ సాయంత్రం మొదటిసారి. ఎన్నాళ్ళయింది ఆపి, నిద్ర ఎలా ఉంది, పాప ఎవరి దగ్గర ఉంది, అని వరసగా అడిగాడు. మందు అలా ఆపినందుకు గట్టిగా కోప్పడ్డాడు. తర్వాత కొత్త చీటీ తీసి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టమని, మందు అసలు పేరు పెద్ద అక్షరాలతో రాశాడు. ఇచ్చేటప్పుడు గొంతు తగ్గించి, "కింద గొడవ పెట్టుకోకండి. ఈ గది వాళ్ళది," అన్నాడు.

మెట్లు దిగేసరికి షాపాయన చీటీ కోసం చెయ్యి చాపి ఉన్నాడు. అక్కడ అందరూ చీటీ ఆ చేతిలో పెట్టడమే అలవాటు.

వదిన చీటీ మడిచి పర్సులో పెట్టుకుంది. "వేరే దగ్గర కొంతానన్నా."

బల్లమీద కూర్చున్నవాళ్ళంతా మా వైపు తిరిగారు. ఆయన ముఖం ఎర్రబడింది.

"నా దగ్గర ఏటి తప్పుందమ్మా? మనోల్లని దగ్గరుండి సూసినాను."

"మనోల్లు గాబట్టేనన్నా," అంది వదిన. "మా అత్తని బజార్లో అడిగినారు మీరు."

మేం బయటికి వచ్చేశాం. బ్యాటరీతో నడిచే టోటో ఎక్కాక గానీ వదిన నా మోచెయ్యి వదల్లేదు.

ఖరిదా దీదీ చీటీ చూసి మాత్రలు ఇచ్చింది. "ఖాబార్ పొరే," అంది, అన్నం తిన్నాక వేసుకోమని. ఇంకేమీ అడగలేదు. వదిన అక్కడే ఇంకాసేపు నిలబడింది, దీదీ ఇంకేదో అడుగుతుందేమో అన్నట్టు.

ఆ రాత్రే కబురు అన్నయ్యకు చేరింది.

"పదిమందిలో ఆయన పరువు తీసినారంట. మన మంచికే గదా అడిగినాడు," అన్నాడు.

"నా పరువు ఎవులు తీసినారో అది అడగవేటి?" అంది వదిన.

అన్నయ్య కంచం తీసి లేచాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, "ఖరిదాలో ఏ షాపు?" అని నన్నడిగాడు.

వదిన కుదుటపడటానికి నెలలు పట్టింది. గుడ్డ వెనక్కి తీసుకున్నావిడ మళ్ళీ రాలేదు. షాపాయన ఇప్పటికీ అమ్మ ఎదురైతే పలకరించకుండా సైకిలు తిప్పుకుని వెళ్ళిపోతాడు. అమ్మకు అదొక బాధ.

ఈమధ్య వదిన మందులకు వెళ్ళి ఆలస్యంగా వచ్చింది. ఏమైందని అడిగాను. ఖరిదా షాపులో మా లైన్లోని ఒకావిడే కనిపించిందట. చీటీ చేతిలో పెట్టుకుని, వదినను చూసి, వెనక్కి వెళ్ళిపోబోయిందట.

"నానే పక్కకి జరిగి ముందు ఆవిణ్ని తీసుకోమన్నాను. ఆవిడ ఎల్లినదాకా బయట నిలబడినాను," అంది వదిన.

ఎవరావిడ అని నేను అడగలేదు. వదిన చెప్పలేదు.