పెన్న అంచున రాబందుల కోసం

పోయిన ఆదివారం మా పక్కింటి అమ్మాయి ప్రొద్దుటూరు నుంచి బస్సులో గండికోటకు పోయి, టోపీ పెట్టుకున్న గైడు వెనకాల పెన్న లోయ అంచున పొద్దంతా నడిచి వచ్చి, సెల్‌ఫోనులో ఫొటోలు చూపిస్తూ నేనెప్పుడైనా పోయానా అని అడిగింది. పోయానన్నాను. ఎందుకు పోయానో మాత్రం ఇన్నేళ్లయినా నాకే తెలియదు.

ఫ్యాక్షన్ రోజులవి, నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మనిషి ఏ పార్టీయో తెలియకుండా పక్కన కూర్చుని టీ కూడా తాగని కాలం. జమ్మలమడుగు దగ్గరి పల్లెలో మా మేనమామ ఒక పార్టీకి పెద్దదిక్కు, కాబట్టి రెండో పార్టీకి కంట్లో నలుసు. ఒంటరిగా గడప దాటేవాడు కాదు, పోయిన దారిన తిరిగి వచ్చేవాడు కాదు. అట్లాంటి మనిషికి, నవ్వకండి, పక్షుల పిచ్చి. పాత దుర్భిణి ఒకటి సంపాదించి మిద్దె మీద కూర్చుని గద్దల్ని చూస్తుంటే, శత్రువుల కోసం కాపు కాస్తున్నాడని ఊరంతా అనుకునేది.

నేను ఇంటర్ చదువుతుండగా ఒక చలికాలం పొద్దున్నే మామ జీపులో ప్రొద్దుటూరులోని మా ఇంటికి వచ్చి, గండికోట కాడ రాబందులు గూళ్లు పెట్టాయట, పాపకు చూపిస్తానని నన్ను రమ్మన్నాడు. అత్త నిండు చూలాలు, రాలేదు. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు గానీ, అమ్మ చాలాసేపు పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ కూర్చుంది. ఆఖరికి జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి మూటగట్టి, ఎర్ర ఓణీ వేసుకుని పొమ్మంది. రాళ్లలో తిరగడానికి ఓణీ ఎందుకంటే, చెప్పింది చెయ్యమని కసిరింది.

గండికోటలో గొర్రెలు మేపే పెద్దాయన మాకు దారి చూపించాడు. ఎర్రటి బండల అంచున, ఒక్క మనిషి పట్టే దారి. ఎక్కడో అడుగున పెన్న, దాని ఒడ్డున ఇసుకలో దొర్లుతున్న నీటికుక్కలు. ఇంతలో ఒక రాబందు రెక్కలు చాచి మా కాళ్లకు కిందుగా సాగిపోయింది. ఎగిరే పక్షి వీపును పైనుంచి చూడడం నాకదే మొదలు. మామ నోరు తెరుచుకుని నవ్వుతున్నాడు, ఆయన అట్లా నవ్వగా నేనెన్నడూ చూడలేదు.

అవతలి గట్టు బండ సందులో గూడు కనిపిస్తే మామ దుర్భిణి అటు తిప్పాడు. సరిగ్గా ఆ గూటి పైన కొందరు మనుషులు కూర్చుని ఉన్నారు. వాళ్లు లేచి నిలబడ్డారు. ఒకడి చేతిలో తుపాకీ ఉంది.

"అది దించప్పా," అన్నాడు పెద్దాయన. "నువ్వు పక్షిని చూస్తాండావని వాళ్లకేం తెలుసు? పాపను ముందర నడవనీ."

మామ దుర్భిణి దించాడు. తర్వాత నా మొహం చూడకుండా, "నువ్వు ముందు పోమ్మా," అన్నాడు.

పక్షులు బాగా కనిపించాలని నన్ను ముందుకు పంపారనుకుని నేను ఓణీ ఎగరేసుకుంటూ నడిచాను. అవతల వాళ్లు మమ్మల్ని చూస్తూ చూస్తూ మళ్లీ కూర్చున్నారు. ఒకాయన చెయ్యి కూడా ఎత్తాడు. అది పలకరింపో, బతికిపొమ్మనడమో నాకు తెలియదు. నేను మాత్రం తిరిగి చెయ్యి ఊపాను. వేరే దారిన ఇల్లు చేరాక, నేను జీపు దిగబోతుంటే మామ దుర్భిణి నా ఒళ్లో పెట్టి, తనకింక వద్దన్నాడు.

ఆడమనిషి పక్కనుంటే పగవాడి మీద కూడా చెయ్యెత్తకూడదన్న కట్టుబాటు ఆ రోజుల్లో ఉండేదని, ప్రాణభయం ఉన్నవాళ్లు భార్యనో చెల్లెలినో వెంటబెట్టుకునే బయలుదేరేవాళ్లని, నా పెళ్లయిన చాలా రోజులకు మామ భార్య, అదే అత్త, మాటల మధ్యలో చెప్పింది. నాకు పక్షుల్ని చూపించాలని మామ అంత సాహసం చేశాడా, తాను పక్షుల్ని చూడాలని నన్ను అడ్డం పెట్టుకున్నాడా? అవతలి గట్టుకు కూడా ఆడపిల్లనని తెలియాలనే అమ్మ ఆ ఓణీ వేయించిందా? ఒకనాడు కోపం వస్తుంది, మర్నాడు ఆ నవ్వు గుర్తొచ్చి ఏడుపొస్తుంది. అమ్మను అడగలేకపోయాను. మామ జబ్బు చేసి, మంచం మీదే, అందరి మధ్య పోయాడు.

ఇప్పుడక్కడ రాబందులు లేవట. ఎవరు ముందో ఎవరు వెనకో పట్టించుకోకుండా జనం ఫొటోలు దిగుతున్నారు. మంచిదే, చల్లగా ఉండనీ. కానీ ఒక్క మాట చెప్పి ఉండవలసింది మామా, తెలిసినా నీకు ముందే నడిచేదాన్ని.