ఫెయిర్ రికార్డులో అరవై ఒకటి

నోయిడాలోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో సంభావ్యత, సాంఖ్యకశాస్త్రం బోధిస్తున్నాను. ఎన్నో వినతుల తరువాత వారానికొక గంట ప్రయోగాలకు దొరికింది. సెమిస్టరు చివర విభాగాధిపతి రికార్డులు చూసి, ఆ గంటను ఉంచాలో తీసివేయాలో నిర్ణయిస్తానన్నారు.

మొదటి ప్రయోగం చిన్నది. రూపాయి నాణేన్ని వందసార్లు ఎగరవేసి, బొమ్మ ఎన్నిసార్లు పడిందో రాయాలి. అరవై రికార్డులను రెండు రోజులు మెట్రోలో ఒళ్ళో పెట్టుకుని దిద్దాను. సరిగ్గా యాభై బొమ్మలు మహా అయితే ఐదారుగురికి రావాలి. నలభై మందికి వచ్చాయి. కోపం రాలేదు, అలసట వచ్చింది. మా ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. ఆ పట్టా కోసం లోలకం రీడింగులను జవాబు నుంచి వెనక్కి లెక్కగట్టి రాసినవాణ్ణీ నేనే.

తరగతిలో, నిజంగా ఎగరవేసినవారెవరని అడిగాను.

"హమారా కాయిన్ బహుత్ సంస్కారీ హై, సర్," అన్నాడు వెనుక బెంచీలో ఒకడు, తమ నాణెం మహా బుద్ధిగలదని. అందరూ నవ్వారు.

తరగతి ముగిశాక, కరీంనగర్ నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక విద్యార్థిని తన రఫ్ నోటుబుక్కు తెచ్చింది.

"సార్, నేను నిజంగనే ఎగరేసిన. అరవై ఒకటి వచ్చినయ్."

"మరి రికార్డులో యాభై ఉందేమమ్మా?"

"అది ఫెయిర్ గద సార్. మీరు గూడ ఫెయిర్ కాయిన్ అంటిరి. రఫ్‌ల ఎట్లున్నా, ఫెయిర్‌ల సక్కగ రాయాలె గదా అనుకున్న."

చిన్ననాటి నుంచి మాకందరికీ రఫ్ అంటే తప్పులున్నది, ఫెయిర్ అంటే తప్పులు దిద్దినది. ఫెయిర్ కాయిన్ అంటే పక్షపాతం లేని నాణెం అని విడమరచి చెప్పవలసినవాణ్ణి నేను చెప్పలేదు.

"అరవై ఒకటే రాయమ్మా."

"మార్కులు పోతయా సార్?"

"పోవు."

సెమిస్టరు చివర విభాగాధిపతి సరిగ్గా ఆ అరవై ఒకటి ఉన్న పుట దగ్గరే ఆగారు. "యే గలత్ హై. ఠీక్ కరవా దీజియే," అన్నారు, తప్పును దిద్దించమని.

"అదే ఠీక్, సర్," అన్నాను.

మిగిలినవారిలో అంతమందికి యాభై ఎలా వచ్చిందని అడిగారు. జవాబు చెబితే ఆ రికార్డుల్లో చాలావరకు కల్పితమని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాను.

"తో ఫిర్ యే పీరియడ్ కిస్ కామ్ కా?" అన్నారాయన, ఇక ఆ గంట ఎందుకన్నట్టు ఫైలు మూస్తూ.

తరువాతి సెమిస్టరు కాలపట్టికలో ఆ గంటకు ఉద్యోగ పరీక్షల శిక్షణ వచ్చింది. ఆమెకు పదికి పది వేశాను. ప్రయోగాలు ఎందుకు ఆగిపోయాయో మాత్రం ఆమెకు చెప్పలేదు.