వంపు దగ్గర కట్టిన తెల్లతాను

ఆ రోజు పోయినవి ఇవి. మూడు రీళ్ళలో ముప్పై అయిదు బొమ్మలు: పదిహేను చెట్ల నీడలో మునిగిపోయాయి, తొమ్మిదింటిలో బండి గీతలా సాగిపోయింది, ఆరింటిలో దుమ్ము తప్ప ఏమీ లేదు, అయిదు నేను తీయనేలేదు. పదహారు గజాల నేత తాను ఒకటి. మిలిటరీ వేలంలో కొన్న పాత మోటారు సైకిలు ముందు చక్రం. ఇరవై మూడేళ్ళ మనిషి ఒకడు. వీటన్నిటినీ ఒకే వరుసలో కూడకూడదని నాకు తెలుసు. అయినా మనసు కుదురుగా లేనప్పుడు నాకు చేతనైంది కూడడమే.

నేను నాలుగో తరగతితో బడి మానేశాను. కొల్లాపూర్‌లో మా మేనమామ ఫోటో స్టూడియోలో పనికి చేరి, కెమెరా మీద చెక్కిన అంకెలను చూసి చూసి వాటి మధ్య సంబంధం ఏమిటో నా అంతట నేనే పట్టుకున్నాను. వెలుతురు కొలిచే మీటరు కొనే స్తోమత మాకు లేదు. అరచేతిని వెలుతురులోకి చాపి, అందులో గీతలు ఎంత విడివిడిగా కనిపిస్తున్నాయో చూసి లెక్క కట్టేవాణ్ణి. పెళ్ళి పందిళ్ళలో, బడి ఆవరణల్లో ఆ లెక్క తప్పేది కాదు.

అరవైల మొదట్లో పట్నం నుంచి మోటారు సైకిళ్ళ సరదా ఉన్న కొందరు వచ్చి, అచ్చంపేట అవతల అడవి దారుల్లో పందెం పెట్టుకున్నారు. ఫోటోలు తీయడానికి నన్ను పిలిపించింది మాత్రం మా ఊరి నేతవాడలో పుట్టినవాడు. మగ్గం మీద కూర్చోనని తండ్రితో గొడవపడి, మహబూబ్‌నగర్‌లో ఒక మెకానిక్ దగ్గర చేరాడు. పట్నంవాళ్ళ బండ్లు బాగుచేస్తూ చేస్తూ వాళ్ళతో పాటు పందేనికి దిగేంతవాడయ్యాడు. బండి అతనికి పని నేర్పిన ఉస్తాద్‌ది. అతని తండ్రిని నేను మామా అని పిలిచేవాణ్ణి, అతను నన్ను బావా అనేవాడు. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు, ఊరి వరస అంతే.

"బావా, నీ డబ్బా అడవిల పనిజేస్తదా, పెండ్లి పందిట్లనేనా?" అన్నాడు నన్ను చూడగానే.

"నీ బండి నడిస్తే నా డబ్బా గూడ నడుస్తది."

"నా బండి మిలిటరీల నౌకరి చేసొచ్చింది. నీ డబ్బా ఏం చేసింది? పెండ్లిపిల్లల మొకాలు చూసుకుంట కూసున్నది."

నవ్వడం అయ్యాక గొంతు తగ్గించాడు. "ఒక్కటి మంచిగ తియ్యి బావా. మా నాయిన నేను నట్లు బిగిచ్చుకుంట తిరుగుతున్న అనుకుంటడు. పట్నపోల్ల నడుమ బండి మీద నా మొకం కానరావాలె. గది ఆయన చేతిల పెడత. గప్పుడన్న నాతోని మాట్లాడ్తడేమో."

తీసిస్తానని మాట ఇచ్చాను.

పందేనికి ముందురోజు ఇద్దరం దారంతా నడిచాం. సగం ఆకు రాలిన అడవి అది. అలాంటి చోట వెలుతురు చీకటికన్నా కష్టం. ఎండ నేల మీద ముక్కలు ముక్కలుగా పడుతుంది. బండి ఒక ముక్కలోంచి నీడలోకి, నీడలోంచి ఇంకో ముక్కలోకి దూకుతుంది. ఎండకు లెక్క కడితే మనిషి మొహం బొగ్గు, నీడకు కడితే వెనక ఆకులన్నీ తెల్లటి మచ్చలు. గంటకు ముప్పై మైళ్ళ వేగంతో పోయే బండి, సెకనులో నూరోవంతు కెమెరా కన్ను తెరిస్తే, ఆ కాస్తలోనే అయిదు అంగుళాలు జరుగుతుంది. ఇంకా తక్కువసేపు తెరుద్దామంటే అంత వెలుతురు లేదు. వాగు ముందరి వంపు దగ్గర బండ్లు నెమ్మదిస్తాయి కాబట్టి అక్కడే నిలబడదామనుకున్నాను. అక్కడ చెయ్యి చాపి చూస్తే ఒక్క గీత కూడా కనబడలేదు.

"వెల్గు మొకం మీద పడాలెనని స్టూడియోల పెండ్లిపిల్ల పక్కపొంటి తెల్లదుప్పటి పట్టిస్తవు గద," అన్నాడు. "గట్ల ఈడ గడితే?"

తను మాట్లాడకపోయినా, అచ్చంపేట షావుకారుకు ఇవ్వమని తండ్రి మనిషిచేత పంపిన తెల్లతాను అతని దగ్గరుంది. పందెం కాగానే ఇచ్చేస్తానన్నాడు. తన తువ్వాలు నేల మీద పరిచి, దాని మీద తాను పెట్టి విప్పాడు. కొస పట్టుకుని ముందు కళ్ళకద్దుకున్నాడు.

"మట్టి అంటొద్దు బావా. కాలైతే అసలే తగలొద్దు. మగ్గం దిగిన గుడ్డ. మా నాయిన తంతడు."

"మీసాలొచ్చినంక గూడ తంతడా?"

"తంతడు. ఆయన తన్నకున్నా దాని మీద ఎయ్య నాకు కాలు రాదు."

వంపుకు పక్కన ఎండ పడేచోట రెండు చెట్ల మధ్య ఇద్దరం దాన్ని కట్టాం. చెయ్యి చాపాను. గీతలు మూడూ కనిపించాయి. వెలుతురు రెట్టింపుకన్నా ఎక్కువే అయింది.

మర్నాడు పందేనికి ముందు బండ్లు దారి పొడవునా తిరుగుతుండగానే రెండు రీళ్ళు అయిపోయాయి. తర్వాత ఎనిమిది బండ్లు బయలుదేరాయి. మొదటి చుట్టులో అతను నాలుగోవాడు. అప్పుడు నేను నొక్కింది ముందుగా అయింది, దుమ్ములో పోయింది. రెండో చుట్టుకు రెండోవాడయ్యాడు. నా కెమెరాలో పైనుంచి తల వంచి అద్దంలోకి చూడాలి. అందులో బొమ్మ ఎడమ కుడిగా, కుడి ఎడమగా కనిపిస్తుంది. ముందు వచ్చిన పట్నం బండి గుడ్డకు రాసుకుంటూ పోయింది. ఒకవైపు ముడి ఊడి తాను సగం దారికి అడ్డంగా పడింది. ఆ బండి వెనక చక్రం దాని కొసను తొక్కుకుంటూనే వాగులోకి దిగింది. నేను తల ఎత్తేలోగా అద్దంలో అతను కనిపించాడు. నా వేలు నొక్కేసింది. మరుక్షణం కుడివైపు మద్దిచెట్టు దగ్గర చప్పుడైంది.

జీపులో అచ్చంపేట దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. నెత్తురు ఆపడానికి ఆ తానే చింపి కట్టారు. మిగిలినదాన్ని మీద కప్పారు.

పట్నంవాళ్ళు మంచివాళ్ళే, ఊరిదాకా వచ్చారు. కాని వంపు దగ్గర నేను తప్ప ఎవరూ లేరు. దారి ఖాళీగా ఉంది, అడ్డం ఏమీ రాలేదు, ఉత్తపుణ్యానికి బండి తిప్పాడు, అలవాటు చాలలేదు అని వాళ్ళు అనుకున్నారు. దారిలో గుడ్డ పడిందని నేను చెప్పాను. గుడ్డే కదా, మా బండి దాని మీదుగానే పోయింది అని ముందు వెళ్ళినవాడు అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. నేతవాడలో కూడా చివరికి ఆ మాటే నిలిచింది: చేతకాని పనికి పోయి చచ్చాడు.

రీళ్ళు కడిగినప్పుడు ఆ ఒక్క బొమ్మ కుదిరింది. నేల మీద పడిన తాను మీద ఎండ పడి, వెలుతురు కిందనుంచి పైకి లేచి అతని మొహం నిండా పరుచుకుంది. కనుబొమల వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు. కళ్ళు చెట్టువైపు లేవు, గుడ్డ అంచు మీద ఉన్నాయి. చక్రం అప్పటికే పక్కకు తిరిగింది. మొహంలో భయం లేదు. పడుకున్నవాళ్ళ కాళ్ళు తొక్కకుండా చూసుకుని నడిచే మనిషి మొహం అది. అంతకన్నా మంచి బొమ్మ నేను ఇంతవరకూ తీయలేదు.

దినాలు అయ్యాక అతని తండ్రి స్టూడియోకు వచ్చాడు. బల్ల మీద కూర్చోలేదు, గడప దగ్గరే నిలబడ్డాడు.

"అల్లుడా, వాని బొమ్మ ఏదన్న వచ్చిందా?"

"అడవి చీకటి మామా. ఏదీ రాలె."

"పోనీ తియ్యి." వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. "నా చేతి గుడ్డన్న ఆఖరికి వానికి అక్కరకొచ్చింది. అదే కప్పిన్రు గద. గదొక్కటే నాకు నిమ్మలం."

ఆ తర్వాత ప్రతి ఏడూ ఏదో ఒక పని పెట్టుకుని వచ్చేవాడు, అదే అడిగేవాడు, నేనూ అదే చెప్పేవాణ్ణి. ఒక ఏడు ఫోటో మాట ఎత్తలేదు. "మంది అన్నది నిజమే అల్లుడా," అన్నాడు. "వానికి చాతగాకపాయె. నేనే ఊకె పెద్దగ అనుకున్న."

ఆ మాట నేను భరించలేకపోయాను. అతనికి చేతకాకపోవడమేమిటి? ఆ వేగంలో, అంత ఇరుకులో, చక్రం అంచు కూడా తగలనీయకుండా తప్పించాడు. ఆ సాయంత్రమే చీకటిగదిలో కూర్చుని పెద్ద సైజు బొమ్మ తీశాను. ఆరాక కాగితంలో చుట్టి మామ ఇంటికి వెళ్ళాను.

ఆయన అప్పుడే తాను కోసి మగ్గం మీంచి దించుతున్నాడు. కూతురు పురిటికి వచ్చి ఉంది. ఆమె పెద్దపిల్ల, రెండేళ్ళది, తాతా అంటూ పరుగెత్తుకొచ్చింది. పరిచిన గుడ్డకు జానెడు దూరంలో ఉండగా ఆయన ఆ పిల్లను ఒంటిచేత్తో గాలిలోకి ఎత్తేశాడు.

"తొక్కొద్దు బిడ్డా. దండం బెట్టు."

పిల్ల చేతులు జోడించింది. ఆయన దాని కాళ్ళు తుడిచి, నా వైపు చూసి నవ్వాడు. కొడుకు పోయాక ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. "చిన్నప్పుడు వానికి గూడ గిట్లనే నేర్పిన. ఒక్కసారి చెప్తె సాలు, జన్మల తొక్కలె."

చంకలో ఉన్న కాగితం చుట్టను చూసి అదేమిటని అడిగాడు. ఎవరిదో పెళ్ళి ఫోటో, ఇచ్చి రావాలని చెప్పాను. మంచినీళ్ళు తాగి లేచాను.

ఇస్తే కొడుకు మీద పడిన మాట పోతుంది. చేతకానివాడు కాదని తండ్రికి తెలుస్తుంది. ఎందుకు చచ్చిపోయాడో కూడా తెలుస్తుంది. ఈ రెండింటినీ ఎన్ని రకాలుగా కూడి, తీసివేసి చూసినా నాకు ఇంతవరకూ లెక్క తేలలేదు. ఆయన ఇంకా ఉన్నాడు, ఇంకా నేస్తున్నాడు. వాడలో ఆ మాట ఇంకా ఉంది.

వంపు దగ్గరికి పోకముందు అతనికి మాటిచ్చిన బొమ్మ ఒకటి. ఇచ్చినవి లేవు. ఇప్పటికీ ఇవ్వవలసింది ఒకటి.