పైవీధి ఎన్ని అడుగులు?

పొద్దున మనవరాలు నేలమీద బోర్లా పడుకొని బొమ్మ వేస్తుంటే రంగు పెన్నుల ఘాటు వాసన ముక్కుకు తగిలింది. "ఏందమ్మా అది?" అంటే, "ఈ వారం మా క్లాసులో ఊరి పటం తాతా" అంది. మూడో తరగతిలో నాకూ ఆ పాఠం వచ్చింది. చెప్పింది ఓబులేసు అయ్యవారు. రోజూ జమ్మలమడుగు నుంచి వచ్చి, బస్సు దిగి, చంకలో గొడుగుతో పెద్దముడియం దాపునున్న మా పల్లెకు నడిచొచ్చే సన్నటి మనిషి.

అప్పట్లో మా ఊళ్లో రెండు పార్టీలు. పైవీధి ఒకటి, కిందివీధి ఒకటి, నడుమ బడి. పెద్దవాళ్లు ఒకరి వీధిలో ఒకరు అడుగు పెట్టేవారు కాదు. బడిలో మేమూ గదికి చెరో పక్క కూర్చునేవాళ్లం. ఊరి పటం గీయమంటే, కిందివీధి వాళ్లం బడి దగ్గరే ఊరు ముగించేశాం. పైవీధి పిల్లలూ అంతే. అయ్యవారు నా పలకనూ, పైవీధి పిల్లాడి పలకనూ పక్కపక్కన పెట్టి చూశారు.

"ఏందప్పా ఇది? సగం ఊరు యాడికి పాయ?"

"ఆపక్క మేం సూడలేదు అయ్యోరూ. పోతే మా నాయన కాళ్లిరగ్గొడతాడు" అన్నాను.

"నేనూ వస్తా పద. ఇరిగితే నాలుగు కాళ్లూ ఇరుగుతాయి. అడుగులు మాత్రం నువ్వే లెక్కపెట్టాల."

ఆ నడక గురించి చాలామందికి చెప్పాను. ఇరవై మంది వేటకొడవళ్లతో అడ్డం నిలబడ్డారనీ, నేను పలక ఎత్తి చూపితే దారి వదిలారనీ. మీకు మాత్రం నిజం చెప్తాను. అక్కడ ఉన్నది అరుగు మీద శనక్కాయలు ఒలుస్తున్న ముసలమ్మా, ఒక కుక్కా. నేను అయ్యవారి చొక్కాలో ముఖం దాచుకొని, కళ్లు మూసుకొని నడిచాను.

"ఎవురి పిల్లోడు సామీ?" అంది ముసలమ్మ.

"నా పిల్లోడేనమ్మా" అన్నారాయన.

బడికి తిరిగొచ్చాక ఎన్ని అడుగులని అడిగితే, తడుముకోకుండా మూడువందలన్నాను.

"శానా పెద్ద వీధే! రేపు మళ్లా పోయి లెక్కపెట్టుకోని రా. ఈ తూరి ఒక్కడివే. నేను బడి వాకిట్లో నిలబడుంటా."

రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది గానీ, బాగానే పట్టింది. మర్నాడు పైవీధి మొదట్లో మాత్రం, అయ్యవారు వాకిట్లో ఉన్నారో లేదోనని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాను. సగం దూరం పోయేసరికి ముసలమ్మ నన్ను గుర్తుపట్టింది.

"నిన్న అయ్యోరి పిల్లోడివి. ఆ ముక్కు సూస్తే మాత్రం కిందివీధి చెన్నప్ప కొడుకువే. మీ నాయన గూడా చిన్నప్పుడు ఈ అరుగు కిందనే గోలీలాడతాండె. ఏందిరా గొణుగుతాండావు?"

"అడుగులు లెక్కపెడతాండా అవ్వా. నీ మాటల్లో తప్పిపాయ."

"అయితే మొదట్నించి రాపో!" అంటూ జేబులో గుప్పెడు శనక్కాయలు పోసింది.

వెనక్కి వెళ్లి మొదటినుంచి లెక్కపెట్టాను. నూటనలభై మూడు. ఆ పూట నా పలక మీద పైవీధి మొలిచింది, అరుగు మీద అవ్వతో సహా. ఊరి గొడవలు నా పలకతో తీరలేదు. అయితే ఆ వారం చివరికి పైవీధి పిల్లలంతా తమ పటం పూర్తి చేసుకోవడానికి నా పక్కకు వచ్చి కూర్చున్నారు.

అయ్యవారు పోయి చాలా ఏళ్లయింది. నన్ను ఆయన మార్చేశారని చెప్తే అదీ కోతలు కోయడమే అవుతుంది. ఇప్పటికీ ఎవరు ఏ లెక్క అడిగినా ముందు మూడువందలనే అంటాను. ఆ తర్వాత ఊరుకోలేక వెళ్లి, లెక్కపెట్టుకొని వచ్చి, అసలెంతో చెప్తాను.