టీవీ వెనక పెట్టిన మైకు

ఫోన్‌ను నేను నమ్మను. ఓ సాయంత్రం ఇంట్లో బోరు మోటరు కాలిపోయిందని మాట్లాడుకుంటే, తెల్లారేసరికి ఫోన్ నిండా మోటర్ల ప్రకటనలే. నా భార్య నవ్వింది కానీ నాకు ఒళ్లు మండింది. జనగామలో మేమిద్దరమే ఉండే ఇల్లు అది. మా మాటలు విన్నది ఎవరు?

సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని కాబట్టి వైర్లంటే నాకు బెరుకు లేదు. ఒక పాత కంప్యూటర్ కొని, ఇంటర్నెట్ లేకుండా పనిచేసే ఏఐని అందులో పెట్టుకున్నాను. అడిగితే జవాబు చెప్పాలి, మా మాట గడప దాటకూడదు, అంతే నా కోరిక. నెట్ వైరు పీకేశాను. అదీ చాలదనిపించి వైఫై కార్డును స్క్రూడ్రైవర్‌తో ఊడదీసి, బీరువాలో పెట్టి తాళం వేశాను. అయినా వారం పాటు దాని లైట్ల వంక దొంగను చూసినట్టే చూశాను.

"వైరు లేకుంట గిది ఎట్ల మాట్లాడుతది? ఎవలన్న ఇంటున్నరేమో జర చూడు," అంది నా భార్య.

"ఎవ్వలు ఇనరు. అందుకే గద చేసిన," అన్నాను.

ఒక్కటే చిక్కు. మన మాట దానికి ఎక్కేది కాదు. నేనొకటి అంటే అదొకటి రాసుకునేది. మన యాసను సినిమాల్లో వెక్కిరించినవాళ్ల దగ్గరే తెలుగు నేర్చుకుందేమోనని అనుమానం వచ్చింది. మన మాటే నేర్పుదామని ముందుగదిలో టీవీ వెనక చిన్న మైకు పెట్టి, ఇంట్లో మాట్లాడేదంతా రాసుకునేలా చేశాను. నా భార్యకు చెప్పలేదు. చెబితే మామూలుగా మాట్లాడదని అనుకున్నాను. బయటికి పోని మాటకు అడగడమెందుకనీ అనుకున్నాను.

ఆదివారం పొద్దున ఆమె పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. గొప్ప చూపించుకోవాలని కంప్యూటర్‌ను అడిగాను. "ఈ వారం మా ఇంట్ల ఏమేం మాట్లాడుకున్నం?"

అది తడుముకోకుండా చదివింది. "బియ్యం అయిపోవచ్చాయి. రొమ్ములో గడ్డ తగులుతోంది. బుధవారం బయ్యారం అక్కతో మహబూబాబాద్ దవాఖానకు పోవాలి. ఆయనకు చెప్పొద్దు."

నేను డ్యూటీలో ఉండగా నా భార్య వాళ్లక్కతో ఫోన్‌లో అనుకున్న సంగతులవి. ఆమె చేతులు ఆగిపోయాయి. నొప్పి ఉందా అని అడగాల్సింది. నా బుద్ధి చూడండి, "నా దగ్గర ఎందుకు దాచినవ్?" అన్నాను.

"చెప్తే పరేషాన్ అయితవని. నన్ను గూడ చేస్తవని. మరి నువ్వు దాచింది ఏంది?"

"అది బయటికి పోదు. ఇంట్లనే ఉంటది."

"ఇంట్ల నువ్వున్నవ్ కద!"

బుధవారం వాళ్లక్కతో పాటు నేనూ పోయాను. పరీక్షల ఫలితం వచ్చేదాకా అన్నం సయించలేదు. చివరికి కొవ్వుగడ్డే, భయం లేదన్నారు. దవాఖాన మెట్ల మీదే ఏడ్చాను.

ఇంటికి రాగానే ఆమె ముందే మైకు పీకి, రాసుకున్నదంతా చెరిపేశాను. తెర మీద ఖాళీ జాగా చూపించాను. చూసి తలూపింది.

ఆ సాయంత్రం వాళ్లక్క ఫోన్ చేసింది. "జర ఆగక్కా," అని ఆమె చెప్పులు వేసుకుంది.

"అంత చెరిపేసిన కద. ఇంట్లనే మాట్లాడు," అన్నాను.

"చెరిపినవనే అనుకుంటున్న," అంది. బయటి నుంచి గేటు వేసి, వీధి మలుపు దాకా పోయాక గానీ నోరు విప్పలేదు.