పడవలో ఊక

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మేవాళ్లతో వాదించను కూడా, అంత ఓపిక లేదు. నస్రుల్లాబాద్ రోడ్డు మీద తెల్లచీర కనిపించిందని మా దుకాణం ముందు చాయ్ తాగుతూ చెప్పేవాళ్లను ఎంతమందిని చూశానో. ఆ చీర ఎవరు ఆరేసుకున్నారో వెళ్లి చూసినవాడు ఒక్కడూ లేడు.

బాన్సువాడలో నాది ఫైబర్ రిపేర్ పని. నీళ్ల ట్యాంకులు, ఆటో బంపర్లు, ఏడాదికోసారి చేపల క్లబ్బు పడవలు. నిజాంసాగర్ నీళ్ల ఒడ్డున ఉంటుంది ఆ క్లబ్బు. సభ్యుల సంగతి ఏం చెప్పాలి, గాలానికి ఎర గుచ్చడం రాదు గానీ ఒక్కొక్కరికి మూడేసి టోపీలు. పైన పటారం, లోన లొటారం.

వానలు తగ్గాక సీజన్ మొదలు. అంతకుముందే రేవు మెట్ల మీద పాచి గీకాలి, డ్రమ్ముల మీద తేలే ఇనుప గట్టు నట్లు బిగించాలి, పడవలకు రంగు వేయాలి. ఇదంతా ముసలి గంగారాం దగ్గరుండి చేయించేవాడు. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, అందులోనే ముసలివాడైన మనిషి. రంగు డబ్బా మూత తీయనిచ్చేవాడు కాదు. ముందు పడవను దుంగల మీద పెట్టి, లోపల సగం దాకా నీళ్లు పోయించేవాడు. అందులో గుప్పెడు వడ్ల ఊక చల్లేవాడు. నీళ్లలో నానిపోయి అడుక్కు దిగిన ఊక, పగులున్న చోటికే మెల్లగా చేరుతుందట. దాన్ని చూస్తూ రోజంతా కూర్చునేవాడు. నాకు ఒళ్లు మండేది.

"రంగు జూసి నీళ్లు ఆగుతయా బిడ్డా?" అనేవాడు. ఎదురుగా తలూపి, వెనక నవ్వుకునేవాణ్ని.

ఇంకో రివాజు కూడా ఆయనదే. పడవను బాగుచేసినవాడి ఇంటివాళ్లే మొదటిరోజు అందులో ముందుగా ఎక్కాలి.

రెండేళ్ల కింద ఎండాకాలంలో గంగారాం పోయాడు. ఇగ అడిగేవాడు లేడు. ఆ ఏడు పెద్ద పడవ అడుగున ఏదో గీత కనిపిస్తే దాని మీద పుట్టీ మెత్తి, రంగు వేసి ఒక్క పూటలో ముగించాను. పడవ క్లబ్బు షెడ్డులో బోర్లా ఉంది. తాళం నేనే వేశాను, ఉన్న ఒక్క తాళంచెవీ నా జేబులోనే ఉంది. మర్నాడే సీజన్ మొదటిరోజు, ఆ పడవలో ముందుగా ఎక్కేది నా బిడ్డ. తొమ్మిదేళ్లది. ఏ గౌను వేసుకోవాలో వారం ముందే తీసిపెట్టుకుంది.

పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి తాళం తీశాను.

పడవ వెల్లకిలా ఉంది. దుంగల మీద. సగం దాకా నీళ్లు.

దాన్ని తిప్పాలంటే నలుగురు కావాలి. రంగు ఇంకా వేలికి అంటుతోంది. దుంగలు ఆనిన చోట తప్ప రంగు మీద ఒక్క చేతి గుర్తు లేదు. పైన రేకులు సరిగానే ఉన్నాయి, రాత్రి వాన లేదు. బకెట్ మూలన ఎండిపోయి ఉంది. పడవ కింద తప్ప నేల మీద ఎక్కడా తడి లేదు.

నీళ్లలో ఊక ఉంది. అంతా ఒక్కచోటే చేరింది, నా బిడ్డ కూర్చోబోయే బల్ల కింద. బొటనవేలితో నొక్కితే పుట్టీ ఊడి వచ్చింది. జానెడు పగులు. మనుషులెక్కితే నడి నీళ్లలో విచ్చుకునేది. అప్పటిదాకా లోకం మీద ఉన్న అసహ్యమంతా నా మీదికే తిరిగింది.

అంతలో క్లబ్బు పెద్ద వచ్చాడు, టోపీతో సహా.

"గీ నీళ్లేందన్నా?"

"పరీక్షకు నేనే పోసిన," అన్నాను. "పగులు దొరికింది. గీ పడవ ఇయ్యాల దించొద్దు."

పనిమంతుడంటే ఇట్లుండాలె అని అందరూ నా భుజం తట్టారు. నా బిడ్డ మూతి ముడుచుకుంది. దయ్యాలను చూశామనేవాళ్లను అబద్ధాలకోరులని ఏళ్ల తరబడి తిట్టాను. ఏదో చూసిన రోజున అబద్ధమాడింది నేను.

కొబ్బరికాయ కొట్టడానికి గంగారాం భార్య సాయవ్వను పిలిచారు. ఆమె కాయ పక్కన పెట్టి, పడవ మీదికి వంగింది. నీళ్లలో చెయ్యి పెట్టి కొంచెం ఊక అరచేతిలోకి తీసుకుంది.

"ఊక ఏడికెల్లి తెచ్చినవ్ బిడ్డా?" అని మెల్లగా అడిగింది.

నేను కొబ్బరికాయ తీసి ఆమె రెండో చేతికిచ్చాను. గంగారాం పోయాక ఆ షెడ్డులోకి గుప్పెడు ఊక కూడా ఎవరూ తేలేదు.