విడదీశాక గుణించి చూడాలి

మా నాయన కోవిల్‌పట్టిలో, ఇంటి ముందరి వరండాలో లెక్కల ట్యూషన్ చెప్పేవాడు. ఎట్టయాపురం నుంచి కూడా పిల్లలు బస్సెక్కి వచ్చేవారు. వాళ్ళకు చెప్పేదంతా తమిళం, మాతో మాట్లాడేది తెలుగు. మా తెలుగు వంటకీ, వానకీ, తిట్టుకోవడానికీ సరిపోతుంది గానీ దాంట్లో లెక్కలు లేవు.

పోయిన ఏడు ఆయనకు పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ మెల్లగా స్వాధీనంలోకి వచ్చాయి. మాటా వచ్చింది, కానీ తెలుగు ఒక్కటే. తమిళం వింటే అర్థమవుతుంది, నోటికి రాదు. బతుకంతా అన్నం పెట్టిన భాష అలా పోతే నాకు దేవుడి మీద ఒళ్ళు మండింది.

పదో తరగతి పిల్లలు మాత్రం వేరే చోట చేరకుండా కాచుకున్నారు. ఆయనా మళ్ళీ పాఠం చెప్పాలని పట్టుబట్టాడు. పాఠం పోతే ఈయన మనకు మిగలడని అమ్మ భయం. అందుకని ఆయన తెలుగులో చెప్పేటట్టు, పక్కన నిలబడి నేను తమిళంలో చెప్పేటట్టు అనుకున్నాం.

ఆ రోజు కారణాంకాలు విడదీయడం. ఆ మాటకు మా ఇంట్లో తెలుగు లేదు. నాయన 'ముక్కలు' అన్నాడు, నేను పిల్లలకు 'కారణి' అని చెప్పాను. బోర్డు మీద x² + x − 12 రాశాడు.

"గుణిస్తే మైనస్ పన్నెండు, కూడితే ఒగటి రావాల. ఏ రెండు?"

నేను తమిళంలో అడిగేలోపు తనే (x − 4)(x + 3) అని రాసేశాడు. ఎంత తేలిక లెక్కయినా, విడదీశాక మళ్ళీ గుణించి చూడనిదే ఆయన వదలడు. ఆ చాదస్తానికి చిన్నప్పుడు విసుక్కునేదాన్ని. ఇప్పుడూ గుణించాడు. మధ్యలో ప్లస్ x రావాల్సింది, మైనస్ x వచ్చింది. తుడిచి మళ్ళీ రాశాడు. మళ్ళీ అవే అంకెలు, అవే గుర్తులు. మళ్ళీ గుణించాడు. ముందు కూర్చున్న అమ్మాయికి జవాబు తెలుసు, తల వంచుకుంది.

నాయన చాక్‌పీస్ కింద పెట్టాడు.

"నా వల్ల కాదు పాపా. యేరే సార్ని సూసుకోమని సెప్పు."

పిల్లలు నావైపు చూశారు. సార్‌కు అలసటగా ఉందట, రేపు ఇదే లెక్క చేద్దామంటున్నారని తమిళంలో చెప్పాను.

నాయన విని, తల అడ్డంగా ఊపాడు.

"నేను సెప్పింది అది కాదు. సరిగ్గా సెప్పు."

సరిగ్గా చెప్పాను.